గుడియాత్తం దారిలో డాక్టరు చదువు



పలమనేరు నుంచో, చిత్తూరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వేలూరుకు పోయినవారు మీలో ఎంతోమంది ఉంటారు. మన వైపు పెద్దవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ రాయవేలూరు అనే అంటారు. కోట చూడటానికి పోయేవాళ్లు తక్కువ, ఆసుపత్రికి పోయేవాళ్లు ఎక్కువ. వేలూరనే కాదు, ఏ పెద్ద ఆసుపత్రికి పోయినా సరే, చీటీ రాయించుకుని, బెంచీ మీద కాచుకుని కూర్చుని, పిలుపు వచ్చి లోపలికి అడుగుపెడితే మొదట మిమ్మల్ని చూసేది పెద్ద డాక్టరు కాదు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల కుర్రవాడో, అమ్మాయో. మీ కడుపునొప్పి ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరికైనా చక్కెర జబ్బు ఉందా, పనేం చేస్తారు, ఇవన్నీ ఓపికగా అడిగి రాసుకునేది ఆ పిల్లలే. పది నిమిషాల్లో వాళ్లకు మన సంగతి చాలా తెలిసిపోతుంది. వాళ్ల సంగతి మనకేం తెలుసు? ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు? నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు? పొద్దున ఏమైనా తిన్నారా?

నేను డాక్టరును కాను. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాని మా చెల్లెలి కొడుకు ఒకడు డాక్టరై, పై చదువుకు ఫ్యామిలీ మెడిసిన్ అనే శాఖలో చేరాడు. కుటుంబ వైద్యం అన్నమాట. వాడు ఆ మూడేళ్లు పడిన పాట్లు దగ్గరగా చూశాక, ఈ చదువు ఎక్కడ మొదలైంది, ఎలా సాగుతూ వచ్చింది అని వెతుక్కుంటూ పోయాను. వెతగ్గా వెతగ్గా మన పొరుగునే, వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో తేలాను. ఆ సంగతులే ఈ పూట మీతో చెప్పుకుంటాను.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను స్థాపించిన ఐడా స్కడ్డర్ గారి పేరు మీరు వినే ఉంటారు. 1870లో రాణిపేటలో పుట్టారు. తాతగారు, తండ్రిగారు అమెరికా మిషనరీ డాక్టర్లు. ఆమె పడుచుతనంలో తిండివనంలో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు వేర్వేరు ఇళ్లవాళ్లు వచ్చి, ప్రసవం కష్టమైన తమ ఆడవాళ్లను చూడమని ఆమెను ప్రాధేయపడ్డారు. మగ డాక్టరును లోపలికి రానివ్వమన్నారు. ఆమెకేమో వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఈ కథ అందరికీ తెలిసిందే కనుక దీన్ని ఇంతటితో వదిలి, అంతగా ఎవరూ చెప్పుకోని ఇంకో సంగతికి వస్తాను.

ఆమె 1899లో న్యూయార్కులో కార్నెల్ వైద్య కళాశాల పట్టా పుచ్చుకుని 1900 సంవత్సరం మొదట్లో వేలూరు చేరారు. వయసు 29. చేతిలో కొత్త పట్టా తప్ప అనుభవం లేదు. తండ్రి జాన్ స్కడ్డర్ గారు ఇక్కడే ఎన్నో ఏళ్లుగా వైద్యం చేస్తున్నవారు. కొత్త డాక్టరుకు అంతకంటే ఏం కావాలి? చేయి పట్టి నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. కాని ఆ ఏడాది మే నెలలోనే ఆయన కన్నుమూశారు. ఆమె వచ్చి నిండా ఆరు నెలలు కాలేదు. ఒక చిన్న గది, వంటవాడి భార్య సాయం, గుమ్మం ముందు రోగులు. అడగటానికి పైన ఎవరూ లేరు. ఈ కాలం భాషలో చెప్పాలంటే, సీనియరు లేని వార్డులో జూనియరు డాక్టరు.

1902లో 40 పడకల షెల్ ఆసుపత్రి వచ్చింది. ఆ తరువాత ఆమె వారానికొకసారి గుడియాత్తం పోయి అక్కడ రోగులను చూడసాగారు. వేలూరుకు పడమరగా 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1909 ప్రాంతంలో ఒక చిన్న మోటారుబండి చేతికొచ్చింది, ప్యూజో అనే ఫ్రెంచి కంపెనీది. అది చూసి జనం మొదట పారిపోయారట. కొన్ని వారాలకు బెదురు తీరింది. పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను మంచాల మీద మోసుకొచ్చి, రోడ్డు పక్కన చెట్ల కింద కాచుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. బండి ఆగినచోటల్లా ఒక ఆసుపత్రే. పుండ్లు కడగడం, పళ్లు పీకడం, కురుపులు కోయడం, కుష్ఠురోగులకు మందివ్వడం అన్నీ చెట్టు కిందే. వేలూరులో దీనికి ‘రోడ్‌సైడ్’ అనే పేరు స్థిరపడిపోయింది.

1918 ఆగస్టులో ఆమె ఆడపిల్లల కోసం వైద్యపాఠశాల తెరిచారు. ఎల్.ఎం.పి. చదువు. అప్పటి నుంచి రోడ్‌సైడ్ బండిలో విద్యార్థినులూ ఎక్కారు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. పాఠం చెప్పే మనిషి, నేర్చుకునే మనిషి ఒకే బండిలో పోయారు. ఒకే దుమ్ము పీల్చారు. విద్యార్థిని చేయి తడబడితే పక్కనే గురువు చేయి ఉంది. రోగి ఇల్లు, ఊరు, బావి, పశువుల కొట్టం కళ్ల ముందే ఉన్నాయి. పని తేలికేమీ కాదు. ఎండ, జనం, వందలమంది రోగులు. కాని ఒంటరి పని కాదు. తన మొదటి ఏడాదిలో తనకు దొరకనిదాన్ని ఆమె తన విద్యార్థినులకు ఇచ్చారని నాకు అనిపిస్తుంది. ఆమె మనసులో అదే ఉందో లేదో నేను చెప్పలేను, జరిగింది మాత్రం అదే. 1922లో మొదటి జట్టు 14 మంది పరీక్షకు పోతే 14 మందీ గట్టెక్కారు.

మన జిల్లాల్లో పెద్దవాళ్లకు ఎల్.ఎం.పి. డాక్టరంటే జ్ఞాపకం ఉంటుంది. బజారు వీధిలో రెండు గదుల ఇల్లు, బల్ల మీద రంగు మందుల సీసాలు, గుమ్మంలో గుర్రబ్బండి. ప్రసవం నుంచి పాముకాటు దాకా ఆయనే. ఇంట్లో అవ్వ ఉబ్బసం సంగతీ తెలుసు, మనవరాలి పెళ్లి సంగతీ తెలుసు. కుటుంబ వైద్యం అనే మాట అప్పుడు లేదు గాని, ఆయన చేసింది అదే.

1930ల చివర మద్రాసు ప్రభుత్వం ఈ ఎల్.ఎం.పి. చదువు ఇక చాలు, వైద్యం నేర్పాలంటే విశ్వవిద్యాలయం పట్టాయే నేర్పాలి అంది. వేలూరు పాఠశాల నానా అవస్థలు పడి 1942లో ఎం.బి.బి.ఎస్. కళాశాల అయింది. 1947 నుంచి మగపిల్లలనూ చేర్చుకుంది. ఆ కష్టకాలం దాటాక దాని పగ్గాలు పట్టిన మొదటి భారతీయురాలు మన తెలుగుగడ్డ మీద, విశాఖపట్నంలో 1890లో పుట్టిన డాక్టరు హిల్డా లాజరస్ గారు. సందర్భం వచ్చింది కనుక మనవి చేశాను, ఆమె పేరు మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. దేశానికి ఒకే తరహా డాక్టరు చాలు, అతడు జబ్బును మాత్రమే కాక మనిషి బతుకును కూడా చూసే సాంఘిక వైద్యుడు కావాలి అని చెప్పింది. గొప్ప మాట. ఎల్.ఎం.పి.లను ఇప్పుడే తీసేస్తే పల్లెలకు ఎవరు పోతారని కమిటీలోనే కొందరు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాట నెగ్గలేదు. పాత డాక్టరు పోయాడు. కమిటీ కలగన్న కొత్త డాక్టరు ఆ సంఖ్యలో రాలేదు. ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసినవాడు గుండెకో, ఎముకలకో, కళ్లకో స్పెషలిస్టు అయితేనే చదువు పూర్తయినట్టు అనే అభిప్రాయం ఇళ్లలోనూ, కాలేజీల్లోనూ పాతుకుపోయింది. ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో మీ వీధి చివర బోర్డు చూస్తే తెలుస్తుంది.

ఇక రెసిడెంట్ అనే మాట సంగతి. ఆసుపత్రిలో పై చదువు చదువుతూ పనిచేసే కుర్ర డాక్టరును రెసిడెంట్ అంటారు. అంటే అక్కడే కాపురం ఉండేవాడు. అమెరికాలో బాల్టిమోరు నగరాన 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఈ పద్ధతి స్థిరపడింది. కుర్ర డాక్టర్లు ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి, రాత్రీ పగలూ పిలిస్తే పలకాలి, పెళ్లి ఆలోచన పెట్టుకోకూడదు. శస్త్రచికిత్సలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన హాల్‌స్టెడ్ గారు మహామేధావి. ఆయన కొకెయిన్‌ను మత్తుమందుగా పనికొస్తుందేమోనని తన మీదే ప్రయోగాలు చేసుకుని, ఆ అలవాటులో చిక్కుకుని, ఏళ్ల తరబడి బాధపడ్డారన్న సంగతి చాలాకాలం గుట్టుగా ఉండిపోయింది. పద్ధతి మాత్రం లోకమంతా పాకింది. నిద్రలేకపోవడం పట్టుదలకు గుర్తయింది. అలిశానన్నవాడు పనికిరానివాడయ్యాడు.

1984లో న్యూయార్కులో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల విద్యార్థిని జ్వరంతో ఆసుపత్రిలో చేరి కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆమెను చూసినవాళ్లు శిక్షణలో ఉన్న కుర్ర డాక్టర్లు. ఒక్కో రాత్రి పదులకొద్దీ రోగుల్ని చూసుకుంటున్నవాళ్లు. ఆమె తండ్రి పత్రికా రచయిత, ఊరుకోలేదు. విచారణ జరిపిన జ్యూరీ ఆ డాక్టర్ల మీద నేరం మోపలేదు గాని, అలాంటి పని పద్ధతినీ, పెద్ద డాక్టర్ల పర్యవేక్షణ లేకపోవడాన్నీ తప్పు పట్టింది. 1989లో న్యూయార్కు రాష్ట్రం వారానికి 80 గంటలకు మించి పనిచేయించరాదని నిబంధన పెట్టింది. 2003లో అది ఆ దేశమంతటికీ వచ్చింది. అందరూ గంటల లెక్కే గుర్తుపెట్టుకున్నారు. రెండో సంగతి, పక్కన పెద్ద డాక్టరు ఉండాలన్నది, అంతగా ఎవరికీ గుర్తులేదు.

మన దేశంలోనూ నిబంధన లేకపోలేదు. 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రెసిడెంటు డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. వారానికొక సెలవు ఉండాలి. కాగితం మీద అంతా బాగుంది. మా మేనల్లుడికి ఈ ఉత్తర్వు సంగతి చెబితే నవ్వాడు. “నేను పుట్టకముందే వచ్చిందా మామా? మా ఆసుపత్రికి ఇంకా చేరినట్టు లేదు” అన్నాడు.

మళ్లీ మన దారికి వద్దాం. వేలూరు నుంచి కాట్పాడి దాటి, లత్తేరి మీదుగా గుడియాత్తం బస్సెక్కితే మధ్యలో కె.వి.కుప్పం వస్తుంది. ఆ బ్లాకులోనే వేలూరు కళాశాలవారు 1977లో గ్రామీణ ఆరోగ్య, సాంఘిక సేవల విభాగం ఒకటి పెట్టారు. రూసా అంటారు. ఆసుపత్రితోపాటు పల్లెల్లో పాడి, చేతిపనులు, ఆడవాళ్ల సంఘాలు, ఇలాంటివన్నీ చూస్తూ వైద్యం చేసే ఏర్పాటు. 1982లో వేలూరు పట్టణంలోని పేదవాడల కోసం తక్కువ ఖర్చుతో వైద్యం చేసే ఒక చిన్న ఆసుపత్రి తెరిచారు. రోగిని అనవసరంగా పరీక్షలకు తిప్పకుండా, అక్కడికక్కడే తేల్చగలిగింది తేల్చి, తేలనిదాన్నే పెద్దాసుపత్రికి పంపడం దాని పద్ధతి. ఈ రెండు చోట్ల ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల అనుభవంలో నుంచే అక్కడ కుటుంబ వైద్యం ఒక చదువుగా రూపుకట్టింది.

అమెరికాలో కుటుంబ వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది 1969లో. మన దేశంలో జాతీయ పరీక్షల బోర్డు 1980లలో ఈ శాఖకు పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎం.డి. చదువుగా రావడానికి 2010ల దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కేరళలోని కోజికోడ్‌లో. ఆలస్యానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాడు స్పెషలిస్టు ఎలా అవుతాడు అన్నదే అందరి అనుమానం. మా ఇంట్లో ఒక పెళ్లిలో బంధువుల పెద్దావిడ మావాణ్ణి పట్టుకుని, “నాయనా, నువ్వు దేంట్లో స్పెషలిస్టువి?” అని అడిగింది. వాడు చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, “అట్లనా, పోనీలే, మళ్లీ పరీక్ష రాయకూడదా?” అంది. వాడు నవ్వేశాడు గాని రాత్రి భోజనాల దగ్గర కనబడలేదు.

ఈ చదువులో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. బయటివాళ్లకు తెలియదు. ఎముకల శాఖ రెసిడెంటుకు తనదంటూ ఒక వార్డు, తన మేస్టారు, తన జట్టు ఉంటాయి. కుటుంబ వైద్యం నేర్చేవాడు అన్ని శాఖలూ తిరగాలి. కొన్ని నెలలు పిల్లల వార్డు, కొన్ని నెలలు కాన్పుల వార్డు, కొన్ని నెలలు ఆపరేషన్లు, తరువాత అత్యవసర విభాగం. ఒకచోట మంచీచెడ్డా తెలిసి, నర్సులతో చనువు ఏర్పడి, అలమరలో ఏ మందు ఎక్కడుందో చేతికి అలవాటయ్యేసరికి మూటాముల్లె సర్దుకుని ఇంకోచోటికి. ఎక్కడికి పోయినా కొత్తవాడే. వార్డు మనుషులకు అతడు చుట్టపుచూపుగా వచ్చినవాడు. కాని డ్యూటీ జాబితాలో ఖాళీలు పూరించడానికి మాత్రం మొదట గుర్తొచ్చేవాడు. “నా పేరు ఎవరికీ తెలియదు మామా, ఫ్యామిలీ మెడిసిన్ ఎక్కడ్రా అని కేకేస్తారు” అన్నాడొకసారి.

ఏ ఊరో, ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పి లాభం లేదు, ఒక చోటని కాదు. పిల్లల వార్డులో ఒక రాత్రి వాడొక్కడే ఉన్నాడు. అంతకు ముందు రోజు పొద్దుటి నుంచీ డ్యూటీలోనే ఉన్నాడు. ఫిట్స్‌తో ఒక పసిబిడ్డ వచ్చింది. పై డాక్టరుకు ఫోను చేస్తే మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, “ఈమాత్రం చూసుకోలేవా?” అని పెట్టేశారు. మావాడు మందు రాశాడు. రాయడంలో చుక్క ఒక అంకె పక్కకు జరిగింది. పది రెట్ల మోతాదు. పెద్ద నర్సమ్మ, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, చీటీ చూసి మందెక్కించకుండా ఆపి, “సార్, ఒకసారి మళ్లీ చూడండి” అంది. అంతే. బిడ్డ బతికింది. మావాడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది కూడా ఏడాది తరువాత. ఆ ఏడాదంతా ప్రతి చీటీనీ నాలుగుసార్లు చదువుకునేవాడు. నిద్ర పట్టేది కాదు. వాళ్లమ్మ రోజూ ఫోనులో “తిన్నావా?” అని అడిగేది, “తిన్నా” అనేవాడు.

తప్పు వాడిదే. కాదనను. కాని వాణ్ణి కుంగదీసింది అలసట ఒక్కటే కాదు. అడగటానికి మనిషి లేకపోవడం, జరిగిందాన్ని చెప్పుకోవడానికి చోటు లేకపోవడం. గంటలు తగ్గించి, ఆ తగ్గించిన గంటల్లోనూ వాణ్ణి ఒంటరిగానే వదిలిపెడితే ఆ చుక్క మళ్లీ జరుగుతుంది. న్యూయార్కు జ్యూరీ చెప్పిన రెండో సంగతి ఇదే.

2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన ఒక బృందం వైద్యవిద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. అడిగిన ప్రశ్నలకు 5,337 మంది పి.జి. విద్యార్థులు జవాబులిచ్చారు. నూటికి 15 మందికి పైగా తమకు మానసిక సమస్య ఉన్నట్టు డాక్టర్లు తేల్చారని రాశారు. నూటికి 45 మంది వారానికి 60 గంటలకు మించి పనిచేస్తున్నారు. సగానికి పైగా మందికి వారపు సెలవు లేదు. జవాబివ్వడానికి ఇష్టపడ్డవాళ్ల లెక్క ఇది, అందరి లెక్క కాదు. అయినా చిన్న సంగతి కాదు. బృందం చేసిన సూచన, వారానికి 74 గంటలు మించకూడదని. 1992లో 48 అన్నవాళ్లం 2024లో 74 దగ్గరకొచ్చి, అదే మేలనుకుంటున్నాం. ఆ ఏడాది ఆగస్టులోనే కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య, పడుకోవడానికి వేరే చోటు లేక సెమినారు గదిలో నడుం వాల్చిన ఒక పి.జి. డాక్టరమ్మపై అత్యాచారం చేసి చంపేశారు. దేశమంతా అట్టుడికింది. విచారణలో సుప్రీంకోర్టు 36 గంటల డ్యూటీలు అమానుషమంది. తలుపుకు గడియ ఉన్న ఒక గది, ఒక మంచం, దగ్గరలో ఒక మరుగుదొడ్డి. రెసిడెంట్ల బాగోగులంటే ముందు ఇవి.

రెండోది, చెప్పుకునే చోటు. దీనికీ చరిత్ర ఉంది. 1950ల తొలినాళ్లలో లండనులో మైకేల్ బాలింట్ అనే మనోవైద్యుడు కుటుంబ వైద్యులను వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టేవాడు. హంగరీ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఎవరో ఒకరు తమను వేధిస్తున్న రోగి గురించి చెప్పాలి. కాగితాలు చూసి కాదు, గుర్తున్నంత. మిగిలినవాళ్లు వినాలి. మందేమిటని తేల్చడానికి కాదు, ఆ రోగి దగ్గర ఆ డాక్టరుకు ఎందుకు కోపమొచ్చింది, ఎందుకు భయమేసింది అని తెలుసుకోవడానికి. డాక్టరు కూడా ఒక మందేనని, ఆ మందు మోతాదు ఎంతో, దాని చెడుగుణాలేమిటో ఏ పుస్తకంలోనూ లేదని ఆయన వాదం. ఇప్పటికీ చాలా దేశాల్లో కుటుంబ వైద్యం నేర్చేవాళ్లు ఇలా కూర్చుంటారు. ఖర్చు ఏముంది? గంట సమయం, టీ.

వేలూరువారికి ఇంకో రకంగా ఈ ఒంటరితనం ఎదురైంది. అక్కడ చదివినవాళ్లు చదువయ్యాక రెండేళ్లు చిన్న ఊళ్ల మిషన్ ఆసుపత్రుల్లో పనిచేయాలి. అడవి అంచున ముప్పై పడకల ఆసుపత్రి, ఒక్క కుర్ర డాక్టరు. ఐడా గారి 1900వ సంవత్సరం మళ్లీ మళ్లీ వస్తున్నట్టే. దీన్ని గమనించి 2000వ దశకంలో ఆ డాక్టర్ల కోసం దూరవిద్యగా ఒక ఏడాది చదువు పెట్టారు. ఉన్నచోటనే ఉండి పాఠాలు చదువుకోవడం, మధ్యమధ్య వచ్చి పెద్దల దగ్గర చేతిపని నేర్చుకోవడం. అదే దశకంలో ఊళ్లలో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్లకు కుటుంబ వైద్యంలో దూరవిద్య కోర్సు మొదలుపెట్టారు. గురువు ఉన్న బండి ఇక్కడ పోస్టుకవరు రూపంలో, కంప్యూటరు తెర రూపంలో వచ్చిందనుకోండి. ఎదురుగా కూర్చున్నంత కాకపోయినా, అసలు లేకపోవడం కంటే ఎంతో నయం.

గుడియాత్తం లాంటి ఊరికి ఈ డాక్టరు ఎందుకు కావాలో ఆ ఊరు తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మన పలమనేరు వైపు నుంచి పారే కౌండిన్య నది ఒడ్డున ఉంది. లుంగీలు నేసే మగ్గాలు, బీడీలు చుట్టే అరుగులు, అగ్గిపెట్టెల కర్మాగారాలు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పక్క వీధిలో ఉర్దూ. నడుంనొప్పి అని వచ్చిన నేతగాడికి ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. అతడు గుంటమగ్గంలో రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటాడో అడిగితే జబ్బు దొరుకుతుంది. విడవని దగ్గు అని వచ్చిన ఆడమనిషి ఒడిలో ఇరవై ఏళ్లుగా పొగాకు చేట ఉంది. దగ్గు ఆమెది, అప్పు మొగుడిది, చదువు మానేసింది కూతురు. మూడింటికీ ముడి ఉందని పసిగట్టాలంటే ఆ వీధిలో నడిచినవాడు కావాలి. పెద్దాసుపత్రి వార్డులో మంచం పక్కన నిలబడి ఇది నేర్చుకోలేరు.

ప్రభుత్వాలకూ ఈ అవసరం తట్టకపోలేదు. తమిళనాడులో 2021లో ఇంటి ముంగిటికే వైద్యం అని ఒక పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టరు పేరుతోనే ఒక పథకం మొదలుపెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లను నెలలో రెండుసార్లు పల్లెలకు పంపారు. ఐడా గారి మోటారుబండి మళ్లీ రోడ్డెక్కినట్టే. పేరు పెట్టినంత సులువుగా మనిషి తయారు కాడు, అదే చిక్కు. 2021లో చేరిన జట్టు నుంచి అన్ని శాఖల పి.జి. విద్యార్థులూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం వచ్చింది. మంచిదే. కాని అక్కడ వాళ్లకు నేర్పేవాడు ఉంటే చదువు, లేకపోతే ఇంకో మూడు నెలల డ్యూటీ. వసతి చూడకుండా, గురువును చూపకుండా పంపితే ఆ మూడు నెలల్లో పిల్లలు నేర్చుకునేది ఒకటే, చిన్న ఊరికి మళ్లీ రాకూడదని.

మా మేనల్లుడు ఆ పాఠం నేర్చుకోకుండా బయటపడ్డాడు. చివరి ఏడాదిలో వాణ్ణి ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. అక్కడి పెద్ద డాక్టరమ్మ గురువారం సాయంత్రాలు జూనియర్లను కూర్చోబెట్టి, “ఈ వారం మీకు నిద్ర పట్టనివ్వని రోగి ఎవరు?” అని అడిగేదట. మొదటి మూడు వారాలు వీడు నోరు విప్పలేదు. నాలుగో వారం ఆ చుక్క సంగతి చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. తను చిన్నప్పుడు చేసిన అలాంటి తప్పొకటి చెప్పి, మరుసటి రోజు నుంచి పిల్లల మందుల మోతాదులు ఇద్దరు కలిసి సరిచూసుకునే పద్ధతి పెట్టిందట. ఆ రాత్రి తిని పడుకున్నానన్నాడు.

ఇప్పుడు వాడు సరిహద్దుకు దగ్గరలోనే ఒక చిన్న ఊళ్లో ఉన్నాడు. పోయిన సంక్రాంతికి మేం పోతే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. రాత్రి పది దాటింది. ఫోను మోగింది. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరమ్మ. వీడు కాసేపు విని, “నువ్వు అనుకుంటున్నది సరే, అయినా నేనొస్తున్నా, పది నిమిషాలు” అని చొక్కా తగిలించుకున్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, “పాపకు కూడా అన్నం పెడతాను, క్యారియరు తీసుకుపోరా” అంది.